పిండి పట్టిన పాలు: ఒక ధర్మమీమాంస

తల్లి రొమ్మును తన నోటితో అందుకోలేని స్థితిలో బిడ్డ ఉన్నప్పుడు, ఆ పాలను చేతితోనో పంపుతోనో పిండి గిన్నెలోకి పట్టి, ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో ముక్కు గుండా వేసిన సన్నని గొట్టంతోనో బిడ్డ కడుపులోకి చేరిస్తే, అక్కడ జరిగినది స్తన్యపానమేనా, లేక స్తన్యపానానికి బదులుగా జరిగిన మరొక పనా? వైద్యుడికి ఈ ప్రశ్నతో పెద్దగా పని ఉండకపోవచ్చు. బిడ్డ బరువు పెరుగుతున్నదా లేదా అన్నదే ఆయన చూసేది. కాని తల్లికీ ఆమె చుట్టూ ఉన్న పెద్దలకూ ఇది బరువైన ప్రశ్న, ఎందుకంటే పాలివ్వడమనే పనికి లోకం ఆకలి తీర్చడాన్ని మించిన అర్థాలను కట్టబెట్టింది. దాని నుంచి బంధుత్వం పుడుతుందని ఒక ధర్మశాస్త్రం, దాని వెంట గుణమూ సంస్కారమూ దిగివస్తాయని ఒక నమ్మకం, దాన్ని కోరుకోవడంలోనే ఆత్మ నిత్యమనడానికి ఆధారం ఉన్నదని ఒక దర్శనం చెబుతూ వచ్చాయి. పాలు మాత్రం చేరి రొమ్ము చేరకపోయినప్పుడు ఈ అర్థాలలో ఏవి నిలుస్తాయి, ఏవి నిలవవు అన్నది విచారించదగిన విషయం.

మహారాష్ట్రలోని ఠాణే జిల్లాకు చెందిన భివండి ఈ విచారణకు తగిన చోటు. కామ్వారీ నది ఒడ్డున ఉన్న ఈ మరమగ్గాల పట్టణాన్ని తమ చెమటతో నిలబెట్టినవారిలో రెండు నేత సమాజాలు ముఖ్యమైనవి. ఉత్తరప్రదేశ్ తూర్పు భాగంలోని మవూ, ఆజంగఢ్ వంటి చోట్ల నుంచి వచ్చిన మోమిన్ అన్సారీ ముస్లిములు ఒకరు. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఉన్న నాలుగు ప్రధాన సున్నీ సంప్రదాయాలలో హనఫీ సంప్రదాయమే వీరిలో ఎక్కువమందికి ప్రమాణం. తెలంగాణలోని కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరాల తరబడి వలస వచ్చి పద్మానగర్, కామత్‌ఘర్ వంటి పేటలలో స్థిరపడిన పద్మశాలీలు మరొకరు. వీరి ఇళ్లలో ఇప్పటికీ తెలుగే వినిపిస్తుంది. తెలంగాణ నేతగాళ్లు సాంచా అని పిలుచుకునే మరమగ్గం మీద మగవాళ్లు పగలూ రాత్రీ పన్నెండేసి గంటల షిఫ్టులు చేస్తుంటే, ఆడవాళ్లు కండెలు చుట్టడం, బట్ట మడతపెట్టడం, బీడీలు చుట్టడం వంటి పనులతో ఇంటి రాబడికి ఆసరా అవుతారు. ప్రసూతి వార్డులో పక్కపక్క మంచాల మీద ఉండే ఈ రెండు సమాజాల తల్లులకు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే, దానికి జవాబు వెతుక్కునే శాస్త్రాలు మాత్రం వేరు. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదాని వెలుగులో మరొకటి మరింత స్పష్టమవుతుంది.

ముందుగా ఆ పని ఎలాంటిదో తెలియాలి. చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం అనే మూడింటినీ ఒక లయలో కలుపుకోగల శక్తి గర్భస్థ శిశువుకు సుమారు 34 వారాలకు గాని రాదు కనుక, అంతకుముందే పుట్టిన బిడ్డ రొమ్ము దగ్గర పెట్టినా పాలు లాగలేదు. అంగిలి చీలికతో పుట్టిన బిడ్డ నోటిలో పాలను లాగడానికి కావలసిన ఒత్తిడి నిలవదు. కొన్నిసార్లు చనుమొన లోపలికి ముడుచుకొని ఉంటుంది. కొన్నిసార్లు బిడ్డను ఠాణేలోనో ముంబైలోనో ఉన్న పెద్ద ఆసుపత్రి శిశు విభాగానికి తరలించవలసి వచ్చి, తల్లి భివండిలోనే ఉండిపోతుంది. ఇలాంటి స్థితిలో తల్లి రెండు మూడు గంటలకొకసారి, రోజుకు ఎనిమిది సార్లకు తగ్గకుండా, రాత్రి నిద్రను కూడా మానుకొని పాలు పిండాలి. పాలు తయారు కావడానికి ప్రొలాక్టిన్ అనే హార్మోన్, తయారైన పాలు బయటికి రావడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ అవసరం. ప్రొలాక్టిన్ రాత్రివేళ ఎక్కువగా ఉంటుంది కనుక రాత్రి పిండడం మానితే పాలు తగ్గుతాయి, రొమ్ము నిండి ఉండిపోతే కొత్త పాలు తయారు కావడమే మందగిస్తుంది. మొదటి రెండు మూడు రోజుల ముర్రుపాలు చిక్కగా చుక్కలు చుక్కలుగా వస్తాయి కనుక వాటిని చేతితో పిండి పట్టడమే మేలు. పాలు ఒక్కసారిగా దిగిరావడాన్ని తెలుగువారు చేపు అంటారు. బిడ్డ ఏడుపు వింటే, ఒళ్లు తగిలితే చేపు దానంతట అదే వస్తుంది. పంపుకు ఏడుపూ లేదు, ఒళ్లూ లేదు. అందుకే పిండేటప్పుడు బిడ్డ ఫొటోనో బిడ్డకు చుట్టిన గుడ్డనో దగ్గర పెట్టుకోమని నర్సులు సలహా ఇస్తారు.

ఈ సలహా కొత్తదిగా కనిపిస్తుంది గాని, దాని మూలసూత్రం సుశ్రుత సంహితలోనే ఉన్నది. ఆ గ్రంథంలో రోగ కారణాలను వివరించే నిదానస్థానం స్తన్యం ఎలా ప్రవర్తిస్తుందో చెబుతూ, బిడ్డ స్పర్శ, బిడ్డను చూడడం, బిడ్డను తలుచుకోవడం, బిడ్డను ఎత్తుకోవడం అనే కారణాలను ఒకే వరుసలో నిలిపి, వాటన్నిటి వెనుక ఎడతెగని స్నేహమే పాల ప్రవాహానికి హేతువని నిర్ణయిస్తుంది. ఇక్కడ గమనించవలసినది ఆ వరుస. స్మరణను స్పర్శకు లోకువైన దానిగా, స్పర్శ దొరకనప్పుడు సర్దుకునే దానిగా గ్రంథకర్త చెప్పలేదు. రెండింటికీ ఒకే ఫలాన్ని, ఒకే హేతువును చెప్పాడు. బిడ్డ ఎక్కడో అద్దాల పెట్టెలో ఉండగా తెల్లవారుజామున లేచి గిన్నె ముందు కూర్చునే తల్లికి స్పర్శ లేదు, దర్శనం లేదు, ఎత్తుకోవడం లేదు. స్మరణ ఒక్కటే ఉన్నది, దానితోనే పాలు దిగుతాయి. అంటే సుశ్రుతుడు చెప్పిన స్నేహం మిగిలిన ఆసరాలేవీ లేకుండా తానొక్కటే పనిచేస్తుండగా చూడదగిన సందర్భం ఇదే. ఆమె పాలివ్వడం లేదని, యంత్రంతో పాలు తీస్తున్నదని అనేవారు ఈ వాక్యాన్ని ఒకసారి తలుచుకోవలసి ఉంటుంది.

పురాణాలు కూడా రొమ్ముకు, పాలకు, తల్లితనానికి మధ్య ఉన్న ముడిని అనేక విధాలుగా విప్పి చూశాయి. ఈ విచారణకు అన్నిటికంటే దగ్గరిది శైవ భక్తుడైన తిరుజ్ఞాన సంబంధుని కథ. పాల్కురికి సోమనాథుని బసవపురాణం ద్వారా పిళ్ళనైనారుగా తెలుగువారికి పరిచయమైన భక్తుడితడే. తమిళంలో 12వ శతాబ్దపు సేక్కిళార్ రచించిన పెరియ పురాణం ప్రకారం, శీర్కాళి కోనేటి గట్టున ఏడుస్తున్న మూడేళ్ల పిల్లవాడికి పార్వతీదేవి తన పాలను బంగారు గిన్నెలోకి పిండి తాగించింది. ఆ పాలతోనే అతనికి జ్ఞానం కలిగిందని సంప్రదాయం విశ్వసిస్తుంది గాని, గిన్నెలో పోసి ఇచ్చినందువల్ల అవి తక్కువ పాలయ్యాయని గాని, దేవి అతనికి పూర్తిగా తల్లి కాలేదని గాని ఏ భక్తుడూ అనలేదు. భారతంలోని మాంధాత కథ మరో కొసను చూపుతుంది: తండ్రి యువనాశ్వుడి కడుపు నుంచి పుట్టిన ఆ శిశువుకు పాలిచ్చే తల్లే లేకపోగా, ఇంద్రుడు తన వేలిని నోటికి అందించి పోషించాడు. శిశువైన కృష్ణుడికి విషపు పాలిచ్చిన పూతన కథ దీనికి పూర్తిగా తలకిందులు. స్పర్శ ఉన్నది, రొమ్ము ఉన్నది, ఉద్దేశం మాత్రం విషం. అయినా పాలిచ్చిందన్న ఒక్క కారణంతో ఆమెకు తల్లికి తగిన గతి దక్కిందని భాగవతం చెబుతుంది. పద్మశాలీలు వచ్చిన ఓరుగల్లు సీమలోనే బమ్మెర పోతన తెలుగు చేసిన ఆ భాగవతాన్ని విన్నవారికి, పాలిచ్చే పనికి సంప్రదాయం ఎంత విలువ కట్టిందో వేరే చెప్పనక్కరలేదు. విషపూరితమైన రొమ్ముకే ఆ గతి దక్కిన లోకంలో, ప్రేమతో పిండిన గిన్నెడు పాలను రెండో తరగతిగా చూడడానికి ఆధారం కనబడదు.

ఇస్లామీయ ధర్మశాస్త్రం ఈ ప్రశ్నను పురాణం కంటే ఎంతో నిశితంగా చర్చించింది, ఎందుకంటే అక్కడ జవాబును బట్టి వివాహాలు నిషిద్ధమో కాదో తేలుతుంది. రదాఅ అంటే స్తన్యపానం. ఒక స్త్రీ పాలు తాగిన శిశువుకు ఆమె పాల తల్లి అవుతుంది, ఆమె బిడ్డలు పాల తోబుట్టువులు అవుతారు, రక్తసంబంధంలో ఎవరితో పెళ్లి కూడదో వారితో పాల సంబంధంలోనూ కూడదు. ప్రవక్తకు పాలిచ్చిన హలీమా సాదియా పేరు ముస్లిం ఇళ్లలో గౌరవంతో వినిపించడానికి వెనుక ఉన్నది ఈ భావనే. మరి పాలను పిండి గిన్నెతో పట్టిస్తే ఈ బంధుత్వం ఏర్పడుతుందా? ఈజిప్టుకు చెందిన 8వ శతాబ్దపు న్యాయవేత్త లైస్ బిన్ సాద్, 11వ శతాబ్దపు అందలూసియా పండితుడు ఇబ్న్ హజ్మ్ ఏర్పడదన్నారు. బిడ్డ తన నోటితో రొమ్మును అందుకొని చప్పరించినదే రదాఅ అని, మిగిలినదంతా కేవలం ఆహారమని వారి వాదం. నాలుగు సున్నీ సంప్రదాయాలలోని అత్యధికులు దీన్ని అంగీకరించలేదు. పాలను నోటిలో పోయడాన్ని వజూర్ అని, ముక్కు గుండా వేయడాన్ని సఊత్ అని వేరువేరు పేర్లతో గుర్తించి, ఈ రెండు విధాలుగానూ రదాఅ సిద్ధిస్తుందని వారు తీర్పు చెప్పారు. శిశువు ఆకలిని తీర్చి దేహాన్ని పెంచే పాలే లెక్కకు వస్తాయి గాని, అవి వెళ్లిన దారి కాదన్నది వారి తర్కం. శిశు విభాగంలో ముక్కు గుండా గొట్టం వేసి పాలు పట్టే పద్ధతి రావడానికి ఎన్నో శతాబ్దాల ముందే ముక్కు దారిని ఆలోచించిన ఆ శాస్త్రజ్ఞుల శ్రద్ధ ఆశ్చర్యం కలిగిస్తుంది.

హనఫీ సంప్రదాయంలో ప్రామాణికమైన హిదాయా గ్రంథాన్ని 12వ శతాబ్దంలో మర్గీనానీ రచించాడు. ఈస్టిండియా కంపెనీ కాలంలో, 1791లో, చార్లెస్ హామిల్టన్ చేసిన ఆంగ్లానువాదం ద్వారా అది భారతదేశపు న్యాయస్థానాలలోకీ ప్రవేశించింది. అందులో ఈ తర్కం దాని చివరి అంచు వరకూ వెళుతుంది: మరణించిన స్త్రీ రొమ్ము నుంచి పిండిన పాలను శిశువుకు పోసినా పాల బంధుత్వం ఏర్పడుతుందని హనఫీలు అంటారు. చదవడానికి కఠినంగా ఉన్న ఈ నిర్ణయం ఒక సంగతిని మాత్రం నిస్సందేహంగా చెబుతుంది: చప్పరింపు అనే క్రియ గాని, ఆ క్షణంలో తల్లి అనుభవం గాని ఇక్కడ ప్రమాణం కాదు, ద్రవ్యం శిశువును చేరడమే ప్రమాణం. అలాంటప్పుడు బతికి ఉన్న తల్లి, తన బిడ్డ కోసమే, తన చేతితో పిండిన పాల విషయంలో హనఫీ కుటుంబానికి ఏ సందేహానికీ తావు లేదు. దీనికి ఆచరణలో ఒక ఫలితం కూడా ఉన్నది. రంజాన్ ఉపవాసం వల్ల తనకు గాని బిడ్డకు గాని హాని కలుగుతుందని భయపడే పాలిచ్చే తల్లి ఉపవాసం విడిచి తర్వాత తీర్చుకోవచ్చునన్న సడలింపు, అదే తర్కంతో, పిండి ఇచ్చే తల్లికీ వర్తించాలి. పాలు తగ్గిపోతున్నా, బిడ్డ రొమ్ము పట్టడం లేదు కనుక తనకు ఆ సడలింపు లేదనుకొని ఏ తల్లీ కష్టపడకూడదు.

అయితే ఈ విశాలత్వమే ఇంకొక చోట చిక్కు తెస్తుంది. తల్లికి పాలు చాలనప్పుడు ఇతర తల్లులు దానం చేసిన పాలను ఇచ్చే పాల బ్యాంకును ముంబైలోని సయాన్ ఆసుపత్రిలో 1989లో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ నెలకొల్పారు. ఆసియాలోనే అది మొదటిది. హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి పేరుతో 2017లో అలాంటి బ్యాంకు వచ్చింది. దానం చేసిన పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి శుద్ధి చేస్తారు. పలువురు తల్లుల పాలను కలపడమూ పరిపాటి. ఇక్కడే అత్యధికుల తీర్పు అడ్డు వస్తుంది: గిన్నెతో పట్టినా బంధుత్వం ఏర్పడేటట్లయితే, ఎవరి పాలో తెలియని పాలు తాగిన బిడ్డ పెద్దయ్యాక తెలియకుండానే పాల తోబుట్టువును పెళ్లాడే ప్రమాదం ఉంటుంది. ఇద్దరు స్త్రీల పాలు కలిస్తే ఎవరితో బంధుత్వమన్నది కూడా హనఫీ ఆచార్యులు ఆలోచించారు. ఎవరి పాలు ఎక్కువో ఆమెతోనని అబూ యూసుఫ్, ఇద్దరితోనూ అని ముహమ్మద్ షైబానీ చెప్పారు. 1983లో ఆధునిక పండితుడు యూసుఫ్ అల్ ఖరదావీ లైస్, ఇబ్న్ హజ్మ్‌ల పక్షాన్ని ఆధారం చేసుకొని పాల బ్యాంకులను అనుమతించగా, 1985 డిసెంబరులో జెద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్ అకాడమీ వాటిని వారించింది. ఈ భయాన్ని మూఢత్వమని తోసివేయడం న్యాయం కాదు. ఎవరి పాలు ఎవరికి చేరాయో రాసి ఉంచి, కలపకుండా ఇచ్చి, రెండు కుటుంబాలకూ తెలియజేస్తే ఆ భయానికి కారణమే ఉండదు. ముస్లిములు ఎక్కువగా ఉన్న భివండి వంటి ఊరికి సేవ చేసే ఆసుపత్రులు ఈ మాత్రం ఏర్పాటును అదనపు బరువుగా కాక తమ విధిగా భావించడం సమంజసం. తల్లి తన బిడ్డకే పిండుకునే పాలకు మాత్రం ఈ చిక్కు ఏదీ లేదు. 2017 నాటి జాతీయ మార్గదర్శకాలు జిల్లా, ఉపజిల్లా స్థాయి ఆసుపత్రులలో తల్లి సొంత పాలను పిండి, నిలవచేసి, ఆమె బిడ్డకే ఇచ్చే విభాగాలను ప్రత్యేకంగా సూచించాయి. మత సంబంధమైన ఏ అభ్యంతరమూ అంటని ఆ ఏర్పాటే ముందుగా రావలసినది.

ఇదే ప్రశ్నను వేదవాక్యాల అర్థాన్ని నిర్ణయించే పూర్వమీమాంస మరో వైపు నుంచి విప్పుతుంది. జైమిని సూత్రాల ఆరవ అధ్యాయం మూడవ పాదంలో ప్రతినిధి అనే విషయం మీద దీర్ఘమైన చర్చ ఉన్నది. ప్రతినిధి అంటే విధించిన ద్రవ్యం దొరకనప్పుడు దాని స్థానంలో వాడదగిన ద్రవ్యం. వ్రీహి, అంటే వరి, చెప్పిన చోట అది లభించకపోతే దానికి పోలిక ఉన్న నీవారం, అంటే విత్తకుండానే మొలిచే నివ్వరి, వాడవచ్చునంటారు. ఫలాపేక్షతో చేసే కామ్యకర్మను అన్ని అంగాలతోనూ, అంటే అనుబంధ విధులతోనూ, చేయగలిగితేనే చేయాలి. చేయకపోతే ప్రత్యవాయం, అంటే దోషం, కలిగే నిత్యకర్మను మాత్రం కొన్ని అంగాలు కుదరకపోయినా శక్తికొద్దీ చేసి తీరాలి. ద్రవ్యానికి ప్రతినిధి ఉండవచ్చు గాని దేవతకు, అగ్నికి, మంత్రానికి, చేయవలసిన క్రియకు ప్రతినిధి లేదు. కర్మ చేయవలసిన యజమానికీ లేదు. మీమాంసకులు శిశుపోషణను యాగంగా చర్చించలేదన్నది నిజమే. అయినా, చేయకుండా ఉండడానికి వీలులేని పనిలో ఏది విడువదగినది, ఏది విడువరానిది అని తేల్చడానికి ఇంతకంటే మంచి పరికరం భారతీయ శాస్త్రాలలో దొరకడం కష్టం.

ఆ తర్కాన్ని ఇక్కడికి తెచ్చుకుంటే, ప్రధానమైన క్రియ శిశువును పోషించడం, ద్రవ్యం తల్లిపాలు, రొమ్ము దగ్గర పట్టుకొని తాగించడం ఆ క్రియకు అంగం. నోటితో అందుకోలేని బిడ్డ విషయంలో లోపించినది అంగమే. ద్రవ్యం మారలేదు, క్రియ ఆగలేదు, చేయవలసిన వ్యక్తి మారలేదు. కనుక పిండిన పాలు ప్రతినిధి ద్రవ్యం కూడా కావు, విధించిన ద్రవ్యమే వేరే పాత్రలో వచ్చినట్లు లెక్క. మరొక తల్లి దానం చేసిన పాలు నివ్వరి వంటివి. డబ్బాపాలు అంతకంటే దూరపు పోలిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ప్రకటించిన శిశుపోషణ వ్యూహం కూడా, రొమ్ము పట్టలేని బిడ్డకు మొదట సొంత తల్లి పిండిన పాలు, తర్వాత ఆరోగ్యవంతురాలైన మరో తల్లి పాలు గాని పాల బ్యాంకు పాలు గాని, ఆ తర్వాత కప్పుతో పట్టే ప్రత్యామ్నాయ పాలు అని ఇదే క్రమాన్ని పాటించింది. ఆ వ్యూహం సీసాను కాక కప్పును పేర్కొనడం గమనించదగినది, ఎందుకంటే సీసా మూలల్లో మురికి నిలిచి బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. తెలుగు ఇళ్లలోని ఉగ్గుగిన్నె ఆ దృష్టితో చూస్తే నేటికీ శ్రేష్ఠమైన సాధనం. డబ్బాపాలకూ పాలసీసాలకూ ప్రచారాన్ని భారతదేశం 1992 నాటి చట్టంతోనే నిషేధించింది.

అంగం లోపించడం చిన్న సంగతి అనడం మాత్రం ఈ తర్కం ఉద్దేశం కాదు. గౌతముని న్యాయసూత్రాల మూడవ అధ్యాయం, ఇప్పుడే పుట్టిన శిశువుకు స్తన్యం మీద ఉండే అభిలాషను చూపి, ఈ జన్మలో ఇంకా అలవాటు కాని ఆహారాన్ని అది కోరుతున్నదంటే ఆ అలవాటు పూర్వజన్మది కావాలని, కనుక ఆత్మ నిత్యమని వాదిస్తుంది. ఇనుము అయస్కాంతం వైపు కదిలినట్లే బిడ్డ రొమ్ము వైపు కదులుతుందని ప్రతివాది అంటే, ఆ పోలికను సూత్రకారుడు అంగీకరించడు. బిడ్డది కోరికతో కూడిన కదలిక. ఈ వాదం మోక్షశాస్త్రం కోసం చేసినదైనా, పాలివ్వడాన్ని బిడ్డ వైపు నుంచి చూసిన అరుదైన చోటు అది. నెలలు నిండని బిడ్డకు లేనిది ఆ అభిలాష కాదు, దాన్ని తీర్చుకునే నైపుణ్యం. గొట్టంతో పాలు పడుతున్నప్పుడు కూడా అది పెదవులు కదిలిస్తుంది, చేతిని నోటికి తెచ్చుకుంటుంది. ఖురాన్‌లోని మూసా కథలో శిశువు ఏ దాది రొమ్మునూ పట్టకపోగా చివరికి కన్నతల్లి దగ్గరికే చేరడంలోనూ ఈ కోరికకు ఉన్న బలం కనిపిస్తుంది. కోరిక ఉన్నప్పుడు దానికి సమాధానం ఇవ్వకపోవడం లోపమే. ఆ లోపాన్ని పూడ్చడానికి వైద్యం కనుగొన్న మార్గం కంగారూ పద్ధతి. కొలంబియాలోని బొగొటాలో 1978లో ఎడ్గర్ రే సనాబ్రియా మొదలుపెట్టిన ఈ పద్ధతిలో తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తల్లి వక్షానికి ఒంటికి ఒళ్లు తగిలేలా నిటారుగా కట్టుకొని గంటల తరబడి ఉంచుతారు, తండ్రి కూడా ఉంచుకోవచ్చు. గొట్టంతో పాలు, ఒంటితో వెచ్చదనం వేరువేరుగా అందినా, అందవలసినవి రెండూ అందుతాయి. పంపు కొనిచ్చి, తల్లిని బిడ్డ మంచం దగ్గరికి మాత్రం రానివ్వని ఏర్పాటును ఈ కారణంగానే ఆమోదించలేము.

మీమాంస చెప్పిన శక్తికొద్దీ అన్న మాటను తల్లి ఒక్కదాని శక్తిగా చదవడం ఇంకొక పొరపాటు. భివండిలో ఒకే గదిలో నలుగురైదుగురు సర్దుకునే ఇంట్లో, రెండు గంటలకొకసారి తలుపు వేసుకొని కూర్చునే చోటు దొరకాలి. పంపు విడిభాగాలను ప్రతిసారీ కడిగి ఆరబెట్టడానికి నీళ్లు ఉండాలి. 25 డిగ్రీలకు మించని గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు మాత్రమే నిలిచే పాలకు ఎండాకాలంలో ఫ్రిజ్ తప్పనిసరి. నిలవ పాలు బిడ్డకు చెరుపు చేస్తాయని, పిండిన పాలకు దిష్టి తగులుతుందని పెద్దలు వారిస్తే ఆ మాటకు ఎదురు నిలిచేవారూ ఒకరు కావాలి. ముక్కలెక్కన బీడీలు చుట్టే తల్లి పాలు పిండడానికి లేచిన ప్రతిసారీ ఆ రోజు కూలి తగ్గుతుంది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం 26 వారాల సెలవును, 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ గదిని నిర్దేశించింది గాని, కొద్దిమంది పనివాళ్లతో నడిచే సాంచాల ఖార్ఖానాలకు, ఇంటి నుంచే పనిచేసే స్త్రీలకు అది చేరలేదు.

ఇక్కడ ఖురాన్ రెండవ అధ్యాయంలోని 233వ వచనం ఎంతో స్పష్టంగా మాట్లాడుతుంది. పూర్తి చేయదలచినవారికి పాలిచ్చే కాలం రెండు సంవత్సరాలని చెప్పిన వెంటనే, ఆ తల్లుల తిండి బట్టల బాధ్యతను అది తండ్రి మీద ఉంచుతుంది. ఎవరి మీదా శక్తికి మించిన భారం పెట్టరాదని, బిడ్డ కారణంగా తల్లికి గాని తండ్రికి గాని హాని కలగరాదని జోడిస్తుంది. పాలిచ్చే పనిని తల్లి శరీరానికి మాత్రమే చెందిన స్వభావంగా కాక, ఖర్చుతో కూడిన శ్రమగా, ఆ ఖర్చు వేరొకరు భరించవలసినదిగా గుర్తించిన వచనమిది. పంపు ధర, ఫ్రిజ్‌కు అయ్యే కరెంటు బిల్లు, తగ్గిన కూలి, రాత్రి మూడింటికి గిన్నెలు కడిగే పని, ఇవన్నీ ఈ దృష్టిలో తండ్రి బాధ్యతలోకి వస్తాయి. మీమాంసలోనూ యజమాని ఒంటరిగా యాగం చేయడు. పనులు పంచుకునే ఋత్విక్కులు ఉంటారు, వారు లేకపోతే యాగమే జరగదు.

మిగిలినది ఆపడం గురించిన ప్రశ్న. పిండిన పాలతో బిడ్డను పెంచే తల్లులలో చాలామంది తాము ఆశించిన కాలానికి ముందే ఆపవలసి వస్తుంది. పాలు తగ్గుతాయి, రొమ్ము గడ్డకట్టి జ్వరం వస్తుంది, లేదా మూడో నెలలోనే కండెల పనికి తిరిగి వెళ్లక తప్పదు. తల్లులను ఎక్కువగా బాధించేది ఇక్కడి అపరాధభావమే. మీమాంస పరిభాషలో చెప్పాలంటే, ద్రవ్యం నశించినప్పుడు ప్రతినిధితో క్రియను కొనసాగించినవారికి ప్రత్యవాయం లేదు. దోషం బిడ్డను పోషించడం మానినవారికే. ఖురాన్ వచనం కూడా తల్లిదండ్రులిద్దరూ సంప్రదించుకొని, పరస్పర సమ్మతితో గడువుకు ముందే పాలు మాన్పించదలిస్తే తప్పు లేదని, మరొకరితో పాలిప్పించుకున్నా తప్పు లేదని అంటుంది. సంప్రదింపు జరగవలసినది ఆ ఇద్దరి మధ్యనే అని వచనం స్పష్టంగా చెబుతున్నది కనుక, అత్తగారి పట్టుదలతోనో ఖార్ఖానా వేళలతోనో బలవంతంగా జరిగిన మాన్పుడును ఆ అనుమతి కింద లెక్కించడం కష్టం. అలా మాన్పవలసి వచ్చిన తల్లి మీద ఆ దోషాన్ని మోపడానికి మాత్రం ఇక్కడ పరిశీలించిన ఏ శాస్త్రంలోనూ చోటు లేదు.